మామిడి పురుగుమందు తాగిన మా నల్లోడు ఎలా బతికాడంటే

దామలచెరువు పక్కన మా తోతాపురి తోట పూత మీదుంది. తేనెమంచు పురుగుకని డైమిథోయేట్ కొట్టి, మిగిలిన మందునీళ్లు బకెట్‌లో అట్లే వదిలేసి అన్నానికి కూర్చున్నాం, తప్పు నాదే. మా కుక్క నల్లోడు అందులో మూతి పెట్టాడు.

కాసేపటికి సొంగ తీగల్లా కారుతుంటే ఎండకేమో అనుకున్నా. తర్వాత వాంతి, విరేచనం, తొడల దగ్గర చర్మం కింద పురుగులు పాకినట్టు కండలు అదరడం. కంటిపాప ఆవగింజంత అయిపోయింది, అది చూశాకే మందు పనని తెలిసింది.

పెద్దమ్మ ఉప్పునీళ్లు పోసి కక్కిద్దామంది, పక్కతోట అన్న పాలు పట్టమన్నాడు. రెండూ వద్దన్నా, వణికే కుక్క నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒంటిమీదా మందు చిందింది కాబట్టి చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని సబ్బుతో కడిగి, మందు డబ్బా కవర్లో చుట్టుకుని ఆటోలో తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పరిగెత్తాం, ఆ టెన్షన్‌లో చెప్పులు కూడా వేసుకోలేదు.

లేబుల్ చూడగానే డాక్టర్ గారు అట్రోపిన్ అనే విరుగుడు మొదలుపెట్టారు, ఊపిరి తేలికయ్యేదాకా మళ్లీ మళ్లీ ఇచ్చారు. కండల అదురుకి అది చాలదట, ప్రాలిడాక్సిమ్ అనే ఇంకో విరుగుడు కావాలట, అదీ ఆలస్యం కాకుండా. పైరిత్రాయిడ్ అనే ఇంకో రకం పురుగుమందైతే వైద్యం వేరే, అందుకే డబ్బా అంత ముఖ్యం.

మూడో రోజు పెరుగన్నం తిన్నాడు. ఇప్పుడు మందు కలిపే బకెట్‌కి మూత ఉంది, నల్లోడికి గొలుసు ఉంది.