రౌటర్‌తో పొదుగుడు పని: ముక్క గుంటలో కూర్చోకపోతే

ఈ మధ్య మా నల్లగొండ వైపు కొత్తగా కట్టే ఇళ్లలో పూజగది తలుపు మీద పొదుగుడు పని (చెక్కలో గుంట తీసి అందులో వేరే చెక్క ముక్కను కూర్చడం) బాగా అడుగుతున్నారు. టేకు పలకలో రోజ్‌వుడ్ పద్మం, లేదంటే పనస చెక్క స్వస్తిక్. దాంతో పని నేర్చుకునే పిల్లలు చిన్న రౌటర్ (తిరిగే బిట్‌తో చెక్కను కొరికే మిషన్), ఇత్తడి గైడ్ బుష్ సెట్ (మిషన్ కింద బిగించే గొట్టం, దాని మీద తొడిగే కాలర్ అనే రింగు, బిట్) కొనుక్కుని మొదలుపెడుతున్నారు. మొదలుపెట్టిన వారంలోపే నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, ముక్క దిగుతలేదు."

నేను అడిగేది ఎప్పుడూ ఒకటే. కాలర్ చివరిదాకా దిగిందా? ఫర్మా (ఆకారం కోసి పెట్టిన అచ్చు పలక) అంచు ఊదినవా? "అంతా చూసిన అన్నా" అంటారు. పోయి చూస్తే కాలర్ కింద గోరు దూరేంత సందు, ఫర్మా మూలల్లో గట్టిగా పేరుకున్న పొట్టు.

మిషన్ పట్టుకోవడం, లోతు పెట్టుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఒక్క లెక్క మాత్రం గుర్తు చేస్తాను, కింద చెప్పేదంతా దాని మీదే ఉంది. గుంట తీసేటప్పుడు బుష్‌కు కాలర్ తొడుగుతాం, ముక్క కోసేటప్పుడు తీసేస్తాం. ఫర్మా రెండింటికీ ఒకటే. మామూలుగా దొరికే సెట్‌లో బుష్ బయటి కొలత 5/16 అంగుళం, కాలర్‌ది 9/16, బిట్ 1/8. కాలర్ గోడ మందం కూడా సరిగ్గా 1/8. అంటే బిట్ ఎంత లావో కాలర్ గోడ అంతే మందం. అందుకే గుంట అంచు, ముక్క అంచు రెండూ ఫర్మాకు 7/32 అంగుళం, అంటే సుమారు 5.56 మి.మీ. లోపల ఒకే గీత మీద పడతాయి.

ముక్క ఒక్కచోట తట్టుకుంటోంది, మిగతా అంతా సరిగ్గా ఉంది

పొట్టు. పది ఫోన్లలో ఏడు దీనికే. కాలర్‌కూ ఫర్మాకూ మధ్య పొట్టు ఇరుక్కుంటే అక్కడ బిట్ అంచుదాకా పోదు, గుంటలో చిన్న బొడిపె మిగులుతుంది. బ్రష్‌తో కాదు, గాలితో ఊదండి. ఫర్మా కదిలించకుండా, లోతు మార్చకుండా ఇంకో చుట్టు తిప్పండి. ఫర్మా తీసేశాక గుర్తొస్తే లాభం లేదు, ఉలితో తిప్పలు పడాల్సిందే.

కాలర్ సగమే దిగి వంకరగా ఉన్నా ఇదే గొడవ. వేలితో నొక్కితే సరిపోదు. చెక్క ముక్క అడ్డం పెట్టి నొక్కండి, తర్వాత గోరు పెట్టి చుట్టూ చూడండి.

తట్టుకోవడం కాకుండా ఒకచోట సందు పడితే, ముక్క కోసేటప్పుడు బుష్ ఫర్మాను వదిలిందన్నమాట. గుంట తీసేటప్పుడు లోపలికి జారినా నష్టం లేదు, అది ఎలాగూ పోయే చెక్కే. ముక్క దగ్గర జారితే ముక్కే పోతుంది. ఫర్మా లోపల ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే దిక్కునే నడపండి, బిట్ తిరుగుడే బుష్‌ను ఫర్మాకు ఆనించి పెడుతుంది.

చుట్టూ సమానంగా బిగుతు, ఎంత కొట్టినా దిగదు

నన్ను ఏడిపించింది ఇదే.

దేవరకొండ రోడ్డు వైపు ఒక ఇంటి పూజగది తలుపు. గృహప్రవేశానికి మూడు రోజులే ఉంది. టేకు పలకలో ఎనిమిది రేకుల పద్మం, రేకులు రోజ్‌వుడ్. ఎనిమిది గుంటలూ సెట్‌తో వచ్చిన బిట్‌తోనే శుభ్రంగా తీశాను. మొదటి రేకు కోస్తుంటే టప్పుమని బిట్ విరిగింది. బండి వేసుకుని టౌన్‌కు పోయి హార్డ్‌వేర్ షాపులో "సూత్ బిట్ ఇయ్యండి" అన్నాను, 1/8 అంగుళం అనే లెక్కలో. ఇచ్చాడు. వచ్చి రేకు కోశాను. గుంట మీద పెడితే పైనే కూర్చుంది. చెక్క సుత్తితో మెల్లగా తడితే సగం దిగింది, పక్కన టేకు అంచు పెచ్చు లేచింది.

ముందు ఫర్మాను అనుమానించాను. తర్వాత కాలర్‌ను. వాన పడుతోంది కదా, చెక్క ఉబ్బిందేమో అని దాని మీదా నెట్టాను. ముక్క అంచును ఎమిరీ పేపర్‌తో రుద్దితే ఒక పక్క దిగింది, ఇంకో పక్క సందు పడింది. రెండు రోజ్‌వుడ్ ముక్కలు పొయ్యిలోకి పోయాయి.

అప్పుడు నాకు తట్టిన తెలివి ఏమిటంటే, గుంట పాత బిట్‌తో, ముక్క కొత్త బిట్‌తో తీశాను కాబట్టి తేడా వస్తోంది, రెండూ కొత్త బిట్‌తోనే తీస్తే సరిపోతుంది అని. పాత మామిడి చెక్క మీద గుంట, ముక్క రెండూ కొత్త బిట్‌తో తీసి చూశాను. ఇంకా బిగుతు! నిన్న సగమన్నా దిగింది, ఇప్పుడు అదీ లేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

తెల్లారి వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) తీసి బిట్ కొలిచాను. 2.99 మి.మీ.

మన పనిలో అంగుళానికి ఎనిమిది సూత్‌లు. సూత్ అంటే ఎంత అని అడిగితే ఎవరైనా మూడు మిల్లీమీటర్లే అంటారు. ద్వారబంధానికీ, కబోర్డుకూ ఆ మాట చాలు. కానీ అసలు సూత్ 3.175 మి.మీ. షాపతను మోసం చేయలేదు, నేనడిగిందే ఇచ్చాడు.

ఇప్పుడు రెండూ ఒకే బిట్‌తో తీస్తే ఎందుకు ఇంకా చెడిందో చూడండి. బిట్ సన్నగా ఉంటే గుంట తీసేటప్పుడు బయటి అంచు వైపు తక్కువ కొరుకుతుంది, గుంట చిన్నదవుతుంది. ముక్క కోసేటప్పుడు లోపలి వైపు తక్కువ కొరుకుతుంది, ముక్క పెద్దదవుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, కలిసిపోతాయి. ఒక్కో పక్క 0.175, ఈ చివర నుంచి ఆ చివరకు 0.35 మి.మీ. దాదాపు విజిటింగ్ కార్డంత మందం. అంతే కదా అనుకుంటాం గానీ, టేకు గుంటలో రోజ్‌వుడ్ ముక్కకు అంత జాగా ఎక్కడిది? నా తలుపు మీద గుంటలు పాత బిట్‌వి కాబట్టి తప్పు సగమే పడింది, అందుకే రేకు సగమన్నా దిగింది.

అందుకని కొత్త సెట్ కొన్నా, కొత్త బిట్ కొన్నా ముందు వెర్నియర్ పట్టండి. కాలర్ బయటి కొలత లోంచి బుష్ బయటి కొలత తీసేసి, సగం చేయండి. వచ్చిన అంకె, బిట్ లావు సమానంగా ఉండాలి. సెట్ మీద ఏం రాసి ఉందో వదిలేయండి, చేతిలో ఉన్నదే కొలవండి. సాన పట్టించిన బిట్ కూడా సన్నబడుతుంది, దాన్నీ కొలవండి.

దీనికి సరైన మందు 3.175 బిట్టే. కొనేటప్పుడు ఇంకో గుంత ఉంది. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్) వాళ్లు వాడే బిట్ల మీద 3.175 అని ఉంటుంది, అది చాలాసార్లు కాడ కొలత. పళ్ల దగ్గర కొలిస్తే మూడో, రెండో ఉంటుంది. కోసే భాగం కొలత అడగండి. పైగా ఆ సన్న కాడ మీ కాలెట్‌లో, అంటే మిషన్‌లో కాడను పట్టే బిగింపులో, పట్టదు, దానికి వేరే కాలెట్ గానీ స్లీవ్ గానీ కావాలి.

ముహూర్తం దగ్గర పడి బిట్ దొరకకపోతే నేను చేసింది చేయండి. ముక్క కోసే ముందు, కాలర్ తీసేశాక, బుష్ చుట్టూ పలచటి సెల్లోటేపు చుట్టండి. బుష్ లావెక్కిన మేరకు ముక్క చిన్నదవుతుంది. టేపు మందం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి చుట్లు లెక్కపెట్టొద్దు, వెర్నియర్ చూడండి. గుంట, ముక్క రెండూ 3 మి.మీ. బిట్‌తో అయితే 7.94 ఉన్న బుష్ 8.25 దగ్గరికి రాగానే ఆపండి. నాలాగా గుంటలు మంచి బిట్‌తో తీసి ముక్కలు మాత్రమే సన్న బిట్‌తో కోస్తుంటే 8.1 చాలు. టేపు చివర ఒకదాని మీద ఒకటి ఎక్కి బొడిపె రాకుండా బ్లేడుతో నీటుగా కోయండి. ఫర్మాకు రాసుకుని టేపు అరిగిపోతుంది, రెండు మూడు ముక్కలకోసారి మార్చండి. ముందు పనికిరాని చెక్క మీద ఒకటి కోసి చూడకుండా రోజ్‌వుడ్ జోలికి పోవద్దు. ఎనిమిది రేకులూ అలాగే దించాను. ముహూర్తానికి తలుపు ఎక్కింది.

చుట్టూ వదులు

ఇది దానికి తిరగబడ్డ కథ. బిట్ ఊగుతోంది, అంటే తన లావు కన్నా వెడల్పుగా కోస్తోంది. కాలెట్ విప్పి లోపల తుడవండి, జిగురు, పొట్టు పట్టి ఉంటాయి. ఎక్కువమందికి ఇంతటితో పోతుంది. కాలర్ అరిగినా వదులే, గుంట తీసేటప్పుడు కాలర్ మీద ఒక చుట్టు టేపు వేస్తే సరి.

కాలెట్ దగ్గర కూడా అంగుళం, మిల్లీమీటరు గొడవే. 6 మి.మీ. కాడను పావు అంగుళం కాలెట్‌లో బిగిస్తారు. పావు అంగుళం అంటే 6.35. పట్టినట్టే ఉంటుంది, పట్టదు. నడుస్తుంటే బిట్ మెల్లగా కిందికి జారుతుంది. గుంట లోతు ఒక చివర 3 మి.మీ., ఇంకో చివర 4 ఉంటే అనుమానమే అక్కర్లేదు. అలా జారే బిట్ ఊడి ఎగిరితే కన్ను పోతుంది, వెంటనే ఆపండి.

ఒక పక్క సందు, ఎదురు పక్క బిగుతు

బుష్ నడిమధ్యలో బిట్ లేదు. బేస్ ప్లేట్ (మిషన్ అడుగు పలక) స్క్రూలు వదులు చేసి, కాలెట్‌లో సెంటర్ కోన్ (నడిమధ్య చూపే మొన ఉన్న కడ్డీ) బిగించి, బుష్‌ను దానికి ఆనించి మళ్లీ స్క్రూలు బిగించండి. కోన్ లేకపోయినా ఒక ఉపాయం ఉంది. రౌటర్ మీద ఒక వైపు మార్కర్‌తో గీత పెట్టి, గుంటకూ ముక్కకూ ఆ గీత మొదటి నుంచి చివరిదాకా మీ పొట్ట వైపే ఉంచండి. అప్పుడు తేడా రెండింటిలోనూ ఒకే పక్కకు పోతుంది, ముక్క కూర్చుంటుంది. చుట్టూ తిరుగుతూ మిషన్‌ను కూడా తిప్పేవాళ్లకే ఈ బాధ.

కొనల దగ్గర మాత్రమే దిగదు

ఫర్మాలో మూల మరీ సన్నగా ఉంది. కాలర్ 14.3 మి.మీ., బుష్ 8. బుష్ దూరిన చోట కాలర్ దూరదు, అక్కడ గుంట కన్నా ముక్క పెద్దదే వస్తుంది. ఫర్మా గీసేటప్పుడే లోపలి మూలల గుండ్రం 8 మి.మీ. వ్యాసార్థానికి తగ్గకుండా, ఇరుకు జాగాలు 15 మి.మీ. కన్నా తగ్గకుండా చూసుకోండి. రేకు కొన సూదిలా కావాలంటే గుంట మూల ఉలితో తీయాల్సిందే.

అంచులు లేస్తున్నాయి

డౌన్ కట్ స్పైరల్ (చెక్కను కిందికి నొక్కుతూ కోసే మెలి బిట్) వాడండి, మొదటి చుట్టు లోతు అర మిల్లీమీటరుకు మించొద్దు. అంతే.

ఇక లేజర్‌లో కోయించిన ఫర్మా కొలత తప్పిందని, కరెంటు వోల్టేజీ తక్కువని, ఎండకు ఫర్మా వంగిందని చెప్పేవాళ్లు ఉంటారు. గుంటకూ ముక్కకూ ఫర్మా ఒకటే అయినప్పుడు దాని కొలత తప్పినా ముక్క కూర్చుంటుంది. మిగతావి ఎప్పుడో ఒకసారి, పైవన్నీ చూశాక చూడండి.

ఒక్కటి మాత్రం. పొడిగా పెట్టి చూసేటప్పుడు ముక్కను పూర్తిగా దించొద్దు, సగం దిగితే చాలు. తొందరలో మొత్తం దిగి ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో లేపొద్దు, టేకు అంచు పోతుంది. ముక్క మీద డబుల్ సైడ్ టేపుతో చిన్న చెక్క అంటించి నిటారుగా లాగండి, వచ్చేస్తుంది. ఫెవికాల్ రాశాక మాత్రం ఆగొద్దు, నీటికి ముక్క ఉబ్బుతుంది. రాసిన వెంటనే దించి క్లాంప్ వేయండి.