సోలార్ వాహనానికి ముందు వాట్ల జమాఖర్చు

సౌరశక్తితో నడిచే వాహనాన్ని తయారుచేయబూనిన ఇంజినీరింగ్ విద్యార్థులు చాలావరకు పైపులు కోసి ఫ్రేమ్ వెల్డింగ్ చేయడంతోనే పని మొదలుపెడతారు. అంతకంటే ముందు వాట్ల లెక్క తేల్చుకోవాలి.

డ్రైవరుతో కలిపి బరువు 300 కిలోలు, వేగం గంటకు 30 కిలోమీటర్లు అనుకుందాం. మామూలు టైర్లతో తారు రోడ్డు మీద చక్రాలు దొర్లడానికి సుమారు 300 వాట్లు, గాలిని తోసుకుపోవడానికి 170 వాట్ల వరకు కావాలి. మోటారు, కంట్రోలరు నష్టాలు కలుపుకుంటే ఖర్చు 600 వాట్లకు చేరుతుంది. వేగం రెట్టింపైతే మొదటి పద్దు రెట్టింపే అవుతుంది గానీ, రెండోది ఎనిమిది రెట్లవుతుంది. ఆస్ట్రేలియాలో డార్విన్ నుంచి అడిలైడ్ దాకా సుమారు 3,000 కిలోమీటర్లు సాగే వరల్డ్ సోలార్ ఛాలెంజ్‌లో, 2017లో నాలుగు చదరపు మీటర్ల సిలికాన్ సెల్స్‌తోనే నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ విద్యార్థుల కారు గంటకు సగటున 80 కిలోమీటర్లకు పైగా పరుగెత్తిందంటే, గాలి నిరోధాన్ని, బరువును అంతగా తగ్గించుకోవడమే కారణం. కాలేజీ వాహనం వేగానికి బాడీ సొగసు కన్నా తక్కువ బరువు, టైర్లలో సరిపడా గాలి, సరైన వీల్ అలైన్‌మెంట్ ముఖ్యం.

ఇక రాబడి. 330 వాట్ల ప్యానెళ్లు రెండు పెడితే 660 వాట్లు వస్తాయనుకోకూడదు. ఆ అంకె సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పటిది. మన మే నెల ఎండలో సెల్ 65 డిగ్రీలకు చేరితే దాదాపు 15 శాతం అక్కడే పోతుంది. అందుకే ప్యానెల్ కింద గాలి ఆడేందుకు ఖాళీ వదలాలి. నీడ అంతకన్నా పెద్ద శత్రువు: సెల్స్ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి అద్దం కడ్డీ నీడ ఒక్క సెల్ మీద పడినా బైపాస్ డయోడ్ (నీడపడ్డ సెల్స్ వరుసను తప్పించి కరెంటును పక్కదారి పట్టించేది) పనిచేసి, మామూలు ప్యానెల్ రాబడిలో మూడో వంతు ఊడిపోవచ్చు. ఒక సెల్‌ను అరచేతితో కప్పి క్లాంప్ మీటరు (వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచేది) చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ప్యానెల్‌కు ఒక ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి ఎప్పటికప్పుడు గరిష్ఠ శక్తిని రాబట్టే ఛార్జ్ కంట్రోలరు) పెట్టడం మంచిదే, అయితే బజారులో దొరికేవాటిలో ఎక్కువ భాగం వోల్టేజీని తగ్గించే రకమే. 37 వోల్టుల ప్యానెల్ 48 వోల్టుల బ్యాటరీని ఛార్జ్ చేయాలంటే పెంచే రకం, అంటే బూస్ట్ ఎంపీపీటీ, కావాలి.

బ్యాటరీకి పదహారు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్, 40 ఆంపియర్-అవర్ల సామర్థ్యం చాలు. ఎండ లేకున్నా మూడు గంటల దాకా నడుస్తుంది. ఒక్కో సెల్‌ను కనిపెట్టి కాపాడే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) తప్పనిసరి. ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్ పక్కనే, అత్యవసరంగా కరెంటు తెంచే కిల్ స్విచ్ బయటి నుంచి చేయి అందేలా ఉండాలి. ఇంటి కరెంటుకు (ఆల్టర్నేటింగ్ కరెంటుకు) వాడే ఎంసీబీ స్విచ్‌లు ఇక్కడ పనికిరావు, బ్యాటరీ ఇచ్చే డైరెక్ట్ కరెంటు (డీసీ) తెగేటప్పుడు పుట్టే మెరుపు, అంటే ఆర్క్, అంత తేలిగ్గా ఆరదు. ఎండలో ప్యానెల్‌ను ఆఫ్ చేయడమంటూ ఉండదు కనుక, వైర్లు కలిపేటప్పుడు దాని మీద మందపాటి టార్పాలిన్ కప్పాలి.

వాహనం తయారయ్యాక చదునైన రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలో మోటారు ఆపి, దానంతటది ఆగే దాకా వేగం ఎలా తగ్గుతోందో రెండు దిక్కులా నమోదు చేయాలి. ఆ అంకెలతో అసలు నిరోధం తేలుతుంది, దాన్ని బట్టి మొదటి లెక్కను సరిదిద్దుకోవాలి.