ఒమాహాలో రెండు ఆసులు పడితే ఎంత పెంచాలి

కావలిలో మా మిద్దె మీద ఆదివారాలు ఒమాహా అనే పోకర్ పేకాట చింతపిక్కలతోనే ఆడతాం, అయినా టెన్షన్ టెన్షనే. ఒమాహాలో చేతికొచ్చే నాలుగు ముక్కల్లోంచి సరిగ్గా రెండే వాడాలి, కాబట్టి ఆసు, రాజు ఇస్పేట్‌లో, ఇంకో ఆసు, రాజు ఆఠీన్‌లో పడ్డాయంటే ఆలోచించకుండా పాట్ (మధ్యలో పోగైన పందెం) మొత్తానికి పెంచెయ్యండి. లెక్క ఇదీ: బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 1, 2 అయితే మొదట పెంచేవాడు 7 దాకా వెళ్లొచ్చు, దాని మీద బ్లైండ్లలో లేనివాడు పెంచితే 24 దాకా.

ఆసులతో పాటు 7, 2 వచ్చి రంగులు కూడా కలవలేదా? తొందరపడకండి. మీ పిక్కల్లో మూడో వంతైనా ఇప్పుడే లోపలికి వెళ్లేట్టుంటేనే మళ్లీ పెంచండి, లేదంటే ఊరికే కాల్ చేయండి (ఎదుటోడు పెట్టినంతే పెట్టండి), ఎందుకంటే రెండోసారి పెంచగానే ఆసులున్నాయని ఎదుటోడికి తెలిసిపోతుంది, ఫ్లాప్‌లో (అందరికీ కలిపి మధ్యలో మొదట తెరిచే మూడు ముక్కల్లో) 8, 9, 10 పడ్డాయంటే ఇక మీ పని అయినట్టే. పోయిన వారం నేనట్లాగే గిన్నెడు పిక్కలు మా బావకి సమర్పించుకున్నా.