కెనడాలో ప్రతిపక్షం అరిస్తే అనంతపురంలో నిద్ర పోగొట్టుకోకుండా వార్త చదవడం ఎట్లా

2025 సెప్టెంబర్ మొదటి వారంలో ఒకరోజు రాత్రి పదకొండు దాటినాక మా బావ ఫోన్ చేశాడు. "ఏమప్పా, కెనడాలో వర్క్ పర్మిట్లన్నీ ఎత్తేస్తున్నారంట గదా, పిల్లోని కత ఏం?" అని. నా మేనల్లుడు కాల్గరీలో ఉన్నాడు, చదువు అయిపోయి పర్మిట్ మీద ఉద్యోగం చేస్తున్నాడు, ఇక్కడ ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. పొద్దున మాట్లాడదాం పడుకో బావా అన్నాను గానీ ఆయన పడుకోలేదు, తెల్లారి షాపు షట్టర్ ఎత్తకముందే సప్తగిరి సర్కిల్ పక్కన ఒక కన్సల్టెన్సీకి పోయి "అర్జెంటుగా ప్రొఫైల్ మార్చాలి" అని వాళ్లు చెప్తే 35 వేలు కట్టి వచ్చాడు. మార్చాల్సింది ఏమీ లేదు. వాట్సాప్‌లో వచ్చింది అసలు ప్రభుత్వ నిర్ణయం కాదు, ప్రతిపక్ష నాయకుడు మైకు ముందు అన్న మాట.

ఆ 35 వేలు తిరిగి రాలేదు. మీ పిల్లలూ అక్కడుంటే, అట్లాంటి మెసేజ్ వచ్చినప్పుడు ఏం చూడాలో ఇక్కడ రాస్తున్నా.

ముందు ఎవరన్నారో చూడండి, ఎందుకంటే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. 2025 మార్చిలో ట్రూడో దిగిపోయి మార్క్ కార్నీ ప్రధాని అయ్యాడు, అంటే మనిషి మారాడు, పార్టీ అదే, లిబరల్ పార్టీ, ఎర్ర రంగు. ఏప్రిల్ 28న ఎన్నికల్లో 343 సీట్లకు 169 వచ్చాయి, మెజారిటీకి 172 కావాలి, మూడు తక్కువ. ఎదురుగా నీలం రంగు కన్జర్వేటివ్ పార్టీ, 144 సీట్లు. వాళ్ల నాయకుడు పియెర్ పోలియేవ్ 2004 నుంచి ఎంపీ, అట్లాంటోడు ఈసారి ఒట్టావా పక్కన కార్ల్‌టన్‌లో సొంత సీటే పోగొట్టుకున్నాడు, ఆల్బర్టాలో సొంత పార్టీ ఎంపీ ఒకాయన రాజీనామా చేసి సీటు ఇస్తే ఆగస్టు 18 ఉప ఎన్నికలో గెలిచి మళ్లీ సభలోకి వచ్చాడు. మన అసెంబ్లీలో 11 సీట్లతో ప్రతిపక్ష హోదా ఉందా లేదా అని ఎంత గొడవ జరిగిందో గుర్తుంది కదా, అక్కడ పార్టీ హోదాకే 12 కావాలి, 7 గెలిచిన ఎన్డీపీ అనే చిన్న పార్టీకి అది పోయింది. నీలం పార్టీకి ఆ బాధ లేదు. బలమైన ప్రతిపక్షం, గొంతు పెద్దది. కానీ జీవో ఇచ్చే చేయి మాత్రం వాళ్లది కాదు.

కాబట్టి మెసేజ్‌లో పేరు వెతకండి. లీనా డయాబ్ అని ఉంటే ఆమె ఇమిగ్రేషన్ మంత్రి, ఆగి చదవాలి. మిషెల్ రెంపెల్ గార్నర్ అని ఉంటే ఆమె ప్రతిపక్షం తరఫున అదే శాఖను నిలదీసే ఎంపీ. అక్కడ ఒక్కో మంత్రికి ఎదురుగా ఒక్కో ఎంపీని పెడతారు, వాళ్లను క్రిటిక్ అంటారు. మన యూట్యూబ్ ఛానెళ్లు ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టి "కెనడా సంచలన నిర్ణయం" అని రాస్తాయి.

రెండోది, దేని గురించి అన్నారు. బావ నిద్ర చెడగొట్టిన వార్తే చూడండి. పోలియేవ్ ఎత్తేయాలన్నది టెంపరరీ ఫారిన్ వర్కర్ ప్రోగ్రామ్‌ని, అంటే ఇక్కడ మనుషులు దొరకడం లేదని యజమాని ఎల్ఎంఐఏ అనే కాగితం తెచ్చుకుని బయటి దేశం వాళ్లను పనిలో పెట్టుకునే పద్ధతి. పొలం పనులకు వేరే ఏర్పాటు ఉంచుతామని కూడా అదే నోటితో అన్నాడు. మన పిల్లలు డిగ్రీ అయ్యాక తీసుకునే పీజీడబ్ల్యూపీ అనే పర్మిట్‌కి ఎల్ఎంఐఏ అక్కర్లేదు, అది ఇంటర్నేషనల్ మొబిలిటీ ప్రోగ్రామ్ అనే వేరే గంప కింద ఉంటుంది. రెండింటినీ "వర్క్ పర్మిట్" అనే తెలుగులో రాస్తాం, తంటా అంతా అక్కడే. అందుకే పిల్లవాడిని ఒక ప్రశ్న అడిగి జవాబు డైరీలో రాసిపెట్టుకోండి: "నీ పర్మిట్ మీద ఎల్ఎంఐఏ ఉందా లేదా?" మా బావకు అది అప్పటికే తెలిసుంటే ఆ రాత్రి పడుకునేవాడు.

మూడోది, అది ఏ మెట్టు మీద ఉంది. ప్రెస్ మీట్‌లో అన్న మాటా, సభలో తీర్మానమా, బిల్లా, చట్టమా? బిల్లు అయితే దిగువ సభలో మూడు రీడింగులు, మధ్యలో కమిటీ, తర్వాత సెనేట్, చివర గవర్నర్ జనరల్ ఆమోదం. ఇదంతా కెనడా పార్లమెంటు వెబ్‌సైట్‌లో లెజిస్‌ఇన్ఫో అనే పేజీలో ఉంటుంది, బిల్లు నంబర్ కొడితే ఏ తేదీన ఏ మెట్టు దాటిందో వరసగా కనిపిస్తుంది, చదవడానికి పెద్ద ఇంగ్లీషు కూడా అక్కర్లేదు. నంబర్ లేని వార్త బిల్లు కానే కాదు. ఏడాదికి 22 రోజులు ప్రతిపక్షాలకు వదిలేస్తారు, ఆ రోజుల్లో వాళ్లు పెట్టిన తీర్మానం మీద చర్చ, ఓటింగ్ జరుగుతాయి, అయితే అది నెగ్గినా చాలాసార్లు ప్రభుత్వం పాటించి తీరాలనేం లేదు. 2025 అక్టోబర్‌లో తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు అక్కడ బిడ్డ పుడితే పౌరసత్వం ఇవ్వకూడదని నీలం పార్టీ అన్నప్పుడు మా వీధిలో కోడలు కడుపుతో ఉన్న ఒక ఇల్లు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అది ఇంకో బిల్లుకు సవరణగా కమిటీలో పెట్టారు, లిబరళ్లు, బ్లాక్ క్వెబెక్వా అనే క్వెబెక్ ప్రాంతీయ పార్టీ వాళ్లు కలిసి ఓడించారు. ఓడిపోయిందన్న వార్త మాత్రం ఏ గ్రూపులోనూ రాలేదు.

ఇక లెక్క. మైనారిటీ ప్రభుత్వం అనగానే రేపే పడిపోతుందని మనవాళ్లు రాసేస్తారు, అప్పుడు వేళ్ల మీద లెక్క వేసుకోవాలి. నవంబర్ 4న బడ్జెట్ పెట్టారు, లోటు 7,830 కోట్ల డాలర్లు. 4,200 కోట్లు దాటకూడదని పోలియేవ్ ముందే షరతు పెట్టి ఉన్నాడు కాబట్టి వ్యతిరేకించాడు. బడ్జెట్ ఓడితే ప్రభుత్వం పడి మళ్లీ ఎన్నికలే. నవంబర్ 17న ఓటింగ్‌లో 170కి 168, గట్టెక్కింది. ఎట్లా గట్టెక్కిందో చూస్తే నవ్వొస్తుంది: బడ్జెట్ రోజే ఒక కన్జర్వేటివ్ ఎంపీ లిబరల్ పార్టీలోకి దూకేశాడు, గ్రీన్ పార్టీ ఒక్క ఎంపీ మద్దతిచ్చింది, ఇద్దరు కన్జర్వేటివ్‌లు, ఇద్దరు ఎన్డీపీ వాళ్లు ఓటే వేయలేదు. గోడ దూకుడు మన జిల్లాలోనే పుట్టిందనుకునేవాణ్ణి నేను. సంగతేమంటే పైకి ఎంత అరిచినా ఎన్నికలు వద్దనుకునేవాళ్లు ప్రతిపక్షంలోనూ ఉంటారు.

నాలుగోది కొంచెం ఓపిగ్గా చూడాలి. ప్రతిపక్షం "బిల్లును వ్యతిరేకించింది" అంటే అందులో ఏ ముక్కను వ్యతిరేకించిందో వెతకండి. 2025 జూన్ 3న సి-2 అని సరిహద్దుల బిల్లు వచ్చింది. అర్జీలు, పర్మిట్లు గంపగుత్తగా ఆపేసే, రద్దు చేసే అధికారం అందులో ఉంది, మనకు భయం వేయాల్సింది దానికి. కన్జర్వేటివ్‌లు గట్టిగా పట్టుకున్నది మాత్రం వేరే: జనం ఉత్తరాలు తెరిచే అధికారం, 10,000 డాలర్లు, ఆపైన నగదు తీసుకోకూడదనే నిషేధం. మా బావలాగా శనక్కాయల వ్యాపారం చేసేవాడికి ఆ రెండో బాధ వెంటనే అర్థమవుతుంది. ప్రభుత్వం కొన్ని భాగాలు విడదీసి అక్టోబర్ 8న సి-12 అని ఇంకో బిల్లు తెచ్చింది, ఆ గంపగుత్త అధికారం అందులోకి వచ్చి కూర్చుంది. "సి-2ని అడ్డుకున్నారు, మనవాళ్లు సేఫ్" అని ఒకాయన గ్రూపులో బాణాసంచా బొమ్మలు పెట్టాడు. చెప్తే వినలేదు.

నేను చాలా లేటుగా గ్రహించింది ఒకటుంది. ప్రతిపక్షం మాట చట్టం కాదు, నిజమే, కానీ రేపు ప్రభుత్వం ఏం చేయబోతోందో అందులో వాసన తెలుస్తుంది. ఏళ్ల తరబడి కార్బన్ పన్ను తీసేయాలని గోల చేసింది నీలం పార్టీ. కార్నీ కుర్చీ ఎక్కగానే జనం కట్టే కార్బన్ పన్నును 2025 ఏప్రిల్ 1 నుంచి సున్నా చేసేశాడు, ఎన్నికలకు నాలుగు వారాల ముందు, ఎదుటోళ్ల చేతిలో నినాదం లాగేసుకున్నట్టు. కంపెనీలు ఇన్ని ఎలక్ట్రిక్ కార్లు అమ్మి తీరాలనే నిబంధన మీద కూడా అట్లే అరిచారు, సెప్టెంబర్‌లో దాన్ని ఒక ఏడాది ఆపారు.

ఇమిగ్రేషన్‌లో ఐతే అసలు బిగింపు ఎర్ర పార్టీ చేతుల మీదే జరిగింది. విద్యార్థుల మీద పరిమితి పెట్టింది 2024 జనవరిలో లిబరల్ మంత్రే. మన పిల్లలకు తొందరగా వీసా వచ్చే ఎస్డీఎస్ దారి 2024 నవంబర్ 8న మూసిందీ వాళ్లే. ఖర్చులకు చూపించాల్సిన డబ్బు 10,000 డాలర్ల నుంచి 20,635కి, 2025 సెప్టెంబర్ నుంచి 22,895కి పెంచిందీ వాళ్లే. 2025లో కొత్త విద్యార్థులు 3,05,900 అని ముందు లక్ష్యం పెట్టుకున్నారు, 2026కు దాన్ని 1,55,000 చేశారు, అదీ నవంబర్ బడ్జెట్‌తో పాటే చెప్పారు. ఆరోజు మన గ్రూపుల్లో ప్రభుత్వం పడుతుందా లేదా అనే చర్చే తప్ప ఈ అంకె గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నా మటుకు నేను ప్రతిపక్షం వార్త ఒక నిమిషం, ఇమిగ్రేషన్ శాఖ నోటీసు పది నిమిషాలు అని పెట్టుకున్నా.

ఓపికుంటే ఒకసారి క్వశ్చన్ పీరియడ్, అంటే అక్కడి సభలో ప్రశ్నోత్తరాల సమయం చూడండి. సోమవారం నుంచి గురువారం దాకా అక్కడి మధ్యాహ్నం 2:15కి మొదలు, వేసవిలో మనకు రాత్రి 11:45, చలికాలంలో 12:45. ముప్పావు గంట. ఒక్కో ప్రశ్నకు, ఒక్కో జవాబుకు 35 సెకన్లు, అంతే, కూర్చోవాలి. అంత తక్కువ టైంలో ఎవరైనా వివరంగా ఏం చెప్తారు, కొట్టే మాటలే కొడతారు, ఆ ముక్కలే కత్తిరించి మన ఫోన్లకు వస్తాయి. రెండు రోజులు చూస్తే "రేపటి నుంచి రద్దు" అనే హెడ్డింగ్ మీద నమ్మకం దానంతటదే పోతుంది.

పిల్లలకు చెప్పాల్సినవి రెండు మూడు ఉన్నాయి. స్టూడెంట్ వీసా మీదో పర్మిట్ మీదో ఉన్నవాళ్లు అక్కడ పార్టీలకు చందా ఇవ్వకూడదు, పౌరులు, పీఆర్ అంటే శాశ్వత నివాసం ఉన్నవాళ్లు మాత్రమే ఇవ్వొచ్చు. కాలనీలో ఎవరో అడిగారని మొహమాటానికి పది డాలర్లు కూడా వద్దు. పార్లమెంటు ఈ-పిటిషన్ మీద మాత్రం అక్కడ నివసించేవాళ్లు సంతకం చేయొచ్చు, 500 సంతకాలు దాటి సభ ముందుకు పోతే ప్రభుత్వం 45 రోజుల్లో జవాబివ్వాలి.

అన్నిటికంటే పనికొచ్చేది ఎంపీ ఆఫీసు. ఆ మధ్య మేనల్లుడి పర్మిట్ రెన్యువల్ ఫైలు నెలల తరబడి కదల్లేదు. మీ ఎంపీ ఆఫీసుకు రాయరా అంటే వాడు, "మామా, మా ఎంపీ కన్జర్వేటివ్, వాళ్లే కదా మమ్మల్ని పంపించేయాలంటోంది" అన్నాడు. బావ కూడా వాడి పక్కే. అయినా రాయించాను. అక్కడ ఓటు లేకపోయినా ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు, ఫైలు సంగతి కనుక్కుని పెడతారు. ఆఫీసు నుంచి ఒక అంగీకార పత్రం వచ్చింది, సంతకం చేసి పంపాడు, పది రోజుల్లో ఫైలు ఎక్కడుందో, ఏ కాగితం తక్కువైందో రాసి పంపారు. పైసా తీసుకోలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు బావ ఉగ్గాని తింటున్నాడు. మిరపకాయ బజ్జీ పక్కన పెట్టి, "మరి ఆ 35 వేలు అడిగి ఇప్పించేదానికి ఎంపీ ఎవుడన్నా ఉన్నాడా అప్పా?" అన్నాడు.