సైలెన్సర్ మార్చిన బైక్ తనిఖీలో పాసైంది ఇలా

సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా బైక్‌కు పాత యజమాని వేరే కంపెనీ సైలెన్సర్ బిగించాడు. శబ్దం ఎక్కువని తనిఖీలో తిప్పి పంపారు.

విప్పి చూస్తే లోపల డీబీ కిల్లర్ (శబ్దం తగ్గించే చిన్న గొట్టం) లేదు. అదొక్కటి పెడితే సరిపోతుందని చాలామంది అంటారు కానీ, నా సైలెన్సర్ మీద ‘రేసులకు మాత్రమే’ అని చెక్కి ఉంది. ఇక దాన్ని ఎంత సవరించినా లాభం లేదు.

ఐక్యరాజ్యసమితి 92వ నిబంధన అమలయ్యే చోట్ల విడిగా కొన్న సైలెన్సర్‌పై ఆమోద ముద్ర ఉండాలి: వృత్తంలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, పక్కన ఆమోదించిన దేశం సంఖ్య. 1 అంటే జర్మనీ, 3 అంటే ఇటలీ. ఆ ఆమోదం మన మోడల్‌కు వర్తించాలి కూడా. అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు!

అలాంటి ముద్ర ఉన్న స్లిప్-ఆన్ (ముందు పైపు కదపకుండా చివర తొడిగే సైలెన్సర్) తీసుకున్నాను. నా బైక్‌లో పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ముందు పైపులోనే ఉంటుంది కాబట్టి పొగ టెన్షన్ లేదు. జాయింట్‌ను బిగుతుగా మూసే గ్యాస్కెట్ కూడా కొత్తదే వేశాను, జాయింట్ లీకైతే చప్పుడు పెరుగుతుంది.

మళ్లీ తనిఖీలో గొట్టం చివరి నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టారు. నా ఇంజిన్ గరిష్ఠ పవర్ 9000 ఆర్‌పీఎం దగ్గర కాబట్టి అందులో సగం, 4500 దగ్గర కొలిచారు. శబ్దం ఫ్రేమ్ ప్లేటు మీది డెసిబెల్ అంకె దాటలేదు. ఆమోద పత్రం ఇప్పుడు సీటు కిందే ఉంటోంది.