డబుల్‌ని ఫైల్‌లో రాస్తున్నారా? 17 అంకెలు రాయండి

సీ ప్రోగ్రామ్‌లో డబుల్ (దశాంశ సంఖ్యలు దాచే రకం) విలువను ఫైల్‌లో రాసి మళ్లీ చదవాలంటే ప్రింట్‌ఎఫ్‌లో ఉత్త %ఎఫ్ వాడకండి. అది చుక్క తర్వాత 6 అంకెలే రాస్తుంది. 0.1కి 0.2 కలిపితే మెషీన్‌లో ఉండేది 0.30000000000000004. ఫైల్‌లో పడేది 0.300000. తిరిగి చదివి పోల్చి చూడండి, సమానం కాదు. 0.0000001 అయితే ఏకంగా సున్నా అయిపోతుంది!

%.17జీ అని రాయండి. డబుల్‌కి 17, దానికంటే చిన్న రకమైన ఫ్లోట్‌కి 9 సార్థక అంకెలు (మొదట్లో వచ్చే సున్నాలు లెక్కపెట్టకుండా) ఉంటే చివరి బిట్‌తో సహా అదే విలువ తిరిగొస్తుంది. 0.1 కాస్తా 0.10000000000000001గా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. పైథాన్‌లో ఈ టెన్షన్ లేదు. పైథాన్ వెర్షన్ 3.1 నుంచి రెప్ర్ (విలువను అక్షరాల్లోకి మార్చే ఫంక్షన్) తనే చూసుకుంటుంది, వీలైనంత పొట్టిగా కూడా రాస్తుంది.

అన్నట్టు, ప్రోగ్రామ్ జర్మన్ లొకేల్ (ఆ దేశంలో అంకెలు రాసే పద్ధతి సెట్టింగ్) పెట్టుకుంటే చుక్క బదులు కామా పడుతుంది. అప్పుడు 3,14ని చుక్క కోసం చూసే ప్రోగ్రామ్ 3 దగ్గరే ఆగిపోతుంది.