ఊహాదేశానికి వైమానిక దళం కట్టడం ఎలా

లేని దేశాన్ని ఒకటి కల్పించి, దాని వైమానిక దళానికి చరిత్ర రాసి, విమానాల బొమ్మలు వేయడం ఒక సరదా. ఆ బొమ్మలు తర్వాత వేసుకోవచ్చు. ముందు మీ దేశం దగ్గర డబ్బెంత, స్నేహితులెవరు, గొడవ ఎవరితో అన్నది తేల్చుకోండి. నేనైతే అక్కడే మొదలుపెడతాను.

1940ల చివర్లో చిన్న దేశాలకు దొరికినవి ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిన స్పిట్‌ఫైర్, మస్టాంగ్ యుద్ధ విమానాలే. వాటిని తొందరపడి రిటైర్ చేయకండి. డొమినికన్ రిపబ్లిక్ 1984 దాకా మస్టాంగ్‌లు నడిపింది. 1950లలో సోవియట్ జెట్ మిగ్-15 కొనాలా, అమెరికా జెట్ సేబరా అన్నది మీ విదేశాంగ విధానమే చెబుతుంది. తటస్థ దేశమైతే ఇంకా మజా: ఫిన్లాండ్ సోవియట్ మిగ్-21లనూ స్వీడన్ డ్రాకెన్‌లనూ కలిపి వాడింది.

అసలు కథంతా స్పేర్ పార్ట్స్‌లో ఉంది. 1979 విప్లవం తర్వాత ఇరాన్ దగ్గరున్న ఎఫ్-14 యుద్ధ విమానాలకు అమెరికా నుంచి విడిభాగాలు ఆగిపోయాయి. మీ చరిత్రలోనూ అలాంటి దెబ్బ ఒకటి పెట్టండి, బొమ్మలకు ప్రాణం వస్తుంది. నేను కల్పించిన దేశపు ఎఫ్-5 యుద్ధ విమానానికి ఒంటి నిండా ఎడారి రంగే, ముక్కు మాత్రం బూడిద రంగు. ఆ ముక్కు ఇంకో విమానం నుంచి ఊడదీసింది. తోక మీద పాత నంబరు కొత్త పెయింట్ కింద లీలగా కనిపిస్తుంది.

రవాణాకు పెద్దగా ఆలోచించొద్దు, సి-130 రవాణా విమానం పెట్టేయండి. ట్రైనర్లు, అంటే శిక్షణ విమానాలు మాత్రం మరవకండి. చాలామంది మరిచిపోతారు, మరి పైలట్లు ఎక్కడ నేర్చుకున్నట్టు? చివరగా మీ విమానాల వరుస నంబర్ల పట్టిక రాసి, కూలిపోయినవాటిని కొట్టేయండి.